ఒక్క ఇంటి పొగ

తిరిగొచ్చి వారం దాటింది. వంటింట్లో లైటర్ చప్పుడు వినపడితే ఇంకా ఒకసారి తలెత్తి అటు చూస్తున్నాను. వెలిగిందో లేదో చూసుకున్నాక మళ్లీ పేపర్లోకి వస్తున్నాను. ఇలా ఎందుకైందో చెప్పాలంటే జనగామ నుంచి మొదలుపెట్టాలి.

చాలా ఏళ్లు ఒక దినపత్రికలో అంతర్జాతీయ వార్తల పేజీ చూశాను. ఏ దేశం దగ్గర ఎన్ని యుద్ధవిమానాలున్నాయి, ఎవరు రక్షణకు ఎంత ఖర్చు పెడుతున్నారు, ఈ ఏడు ఎవరు ఎవరిని దాటారు, ఇలాంటి పట్టికలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో. ఎడమ పక్క ఒక జెండా, కుడి పక్క ఒక జెండా, మధ్యలో అంకెలు. ఈ వేసవిలో సరిహద్దు మీద కాల్పులు మొదలయ్యాక విజయవాడలో మా వీధిలో ప్రతి ఇంట్లోంచీ ఆ పట్టికలే గొంతు తెచ్చుకుని అరవడం మొదలుపెట్టాయి. టీవీ కట్టేసి సంచీ సర్దుకున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నాకు వార్తల మొదట్లో వచ్చే ఊరిపేర్లుగానే తెలుసు. వాటిని ఒకసారి నెమ్మదిగా చూద్దామనిపించింది.

జనగామ: మధ్యలో పెట్టిన గొంతు

బస్సు దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రోడ్డుకి ఒక పక్కంతా యాసంగి పంట వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా వైపు కళ్లంలో జరిగే పని ఇక్కడ తారు మీద జరుగుతోంది. లారీలు వడ్లని తప్పించుకుంటూ పోతున్నాయి.

బస్టాండ్ ఎదురుగా ఖాదర్ భాయ్ హోటల్‌లో కూర్చున్నాను. చాయ్ పది రూపాయలు, ఉస్మానియా బిస్కెట్ అయిదు. గోడ మీద టీవీ. దాని కింద నలుగురు వాదించుకుంటున్నారు.

"వానికాడ అణుబాంబులు ఉన్నయి గదనే."

"ఉంటే ఏంది? పిండి కొననీకె పైసలు లేవు వానికి. బాంబు ఉడకబెట్టుకొని తింటడా?"

అందరూ నవ్వారు. ఈ ప్రయాణం మొత్తంలో ఆ దేశం పేరు ఎవరూ ఎత్తలేదు. అందరూ 'వాడు' అనేవాళ్లు. గోడ అవతల నిలబడి వింటున్న మనిషి గురించి మాట్లాడుతున్నట్టు ఉండేది.

నవ్వు తగ్గాక లుంగీ కట్టుకున్న ఒకాయన గ్లాసు కింద పెట్టి అన్నాడు: "మనం తలుచుకుంటే... తెల్లారేసరికి మ్యాపులో ఉండదు."

నేను తలెత్తి చూశాను. అప్పటిదాకా 'వానికాడ', 'గదనే' అని మాట్లాడిన మనిషికి ఆ ఒక్క వాక్యం దగ్గర యాస మాయమైపోయింది. 'తలుచుకుంటే' తర్వాత గాలి పీల్చుకున్నంతసేపు ఆగాడు. కాసేపటికి టీవీలో కోటు వేసుకున్న కుర్రాడు అదే వాక్యం అన్నాడు. అక్కడే ఆగాడు.

డబ్బులిస్తూ ఖాదర్ భాయ్‌తో, ఇంత గోల మధ్య ఎలా పనిచేస్తున్నారని అడిగాను. ఆయన టీవీ రిమోట్ చూపించాడు. గొంతు పెంచే మీట మీద, తగ్గించే మీట మీద పట్టీ అంటించి ఉంది.

"బంద్ చేస్తే, ఎందుకు బంద్ చేసినవ్ భాయ్ అంటరు. ఎక్కువ పెడితే, ఏంది భాయ్ గింత జోరు మీదున్నవ్ అంటరు. గందుకే గిట్ల మధ్యల పెట్టి పట్టీ ఏసిన. ఇగ నన్ను అడిగేదేం లేదు." చిల్లర ఇస్తూ, "మా తాత గిక్కడ్నే చాయ్ పోసిండు సార్," అన్నాడు. నేను అడగకుండానే చెప్పాడు.

మహబూబాబాద్, నెల్లికుదురు: యుద్ధం ఎన్ని గంటలకు?

మహబూబాబాద్‌ని అక్కడివాళ్లు మానుకోట అంటారు. మిర్చి మార్కెట్ దగ్గర దిగితే సరుకు కనపడకముందే ఘాటు పట్టేసింది. సీజన్ అయిపోయినా షెడ్లలో ఘాటు అయిపోలేదు. తుమ్ములు ఆపుకోలేక నేను పడుతున్న తంటాలు చూసి ఒక హమాలీ, "నీకాడ గీ పొడి రెండు బస్తాలు ఉంటే చాలు సార్, బార్డర్ల ట్యాంకులు ఎందుకు?" అన్నాడు. అది కూడా రక్షణ ఖర్చు మీద ఒక అభిప్రాయమే.

అక్కడి నుంచి నెల్లికుదురు. శంకరయ్య సేటుది హోల్‌సేల్ కిరాణా దుకాణం. ఎండకి కళ్లు తిరిగి దుకాణం మెట్ల మీద కూలబడితే ఆయనే లోపలికి పిలిచి ఫ్యాన్ కింద కూర్చోబెట్టాడు. ఆయన భార్య వేడివేడి సర్వపిండి తెచ్చి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నెకి అద్ది కాల్చింది. మా వైపు చేసే చెక్కలకి అక్క లాంటిది. ఇంకొంచెం ఒళ్లు చేసిన అక్క.

దుకాణంలో రిటైరైన పంతులు ఒకాయన సేటుతో పోట్లాడుతున్నాడు.

"అమెరికా ముందు, చైనా తర్వాత. లోకమంత తుపాకులకే పెడ్తాంది సేటూ. మనం పెట్టకుంటె నడుస్తదా?"

"నడువదు. ఎవలన్నరు నడుస్తదని? దుకాణానికి తాళం కావాలె. గని తాళం కోసం సరుకంత అమ్ముకుంటె, ఏం దాచనీకె తాళం?"

"తాళం లేకుంటె తెల్లారి సరుకే ఉండది."

"గదే అంటాన పంతులూ. పక్కోడు పెద్ద తాళం తెస్తడు, నేను ఇంక పెద్దది తెస్త. ఆఖరికి తాళాలు అమ్మేటోడే బాగుపడ్తడు."

ఇద్దరిదీ నిజమే అనిపించింది. ఎన్నో సంపాదకీయాలు చదివినవాణ్ణి, వాటిలో చాలావాటికంటే ఇది శుభ్రంగా ఉంది. ఒక్కటే ఇబ్బంది. పంతులు చెప్పిన యుద్ధవిమానాల సంఖ్య జనగామలో విన్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. ఒక్క రాత్రిలో, రెండు ఊళ్ల మధ్య, ఎక్కడా ఫ్యాక్టరీ లేకుండా అన్ని తయారయ్యాయి.

అప్పుడు ఒక ముసలామె వచ్చి కొవ్వొత్తులు అడిగింది. లేవన్నాడు సేటు. ముందురోజు సాయంత్రం నుంచి ఊరంతా కొనుక్కుపోయారట. పట్నంలో సైరన్ మోగించి, దీపాలార్పి, బాంబులు పడితే ఏం చేయాలో తాలీం చేయిస్తారని ఎవరో చెప్పారు. ఆ తాలీం ఈ ఊరికి లేదు. అయినా కొవ్వొత్తులు అయిపోయాయి.

ఆమె వెళ్లిపోతూ గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"యుద్ధం ఎన్ని గంటలకు పెట్టిండ్రు, బాపూ?"

పంతులు నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. నీళ్లు ఎప్పుడు వదులుతారని అడిగినట్టు అడిగింది, బట్టలు ఆరేసుకోవాలో తీసేసుకోవాలో తెలుసుకోవడానికి. సేటు నెమ్మదిగా, "ఈడ లేదు అవ్వా, దూరం," అన్నాడు. ఆమె తల ఊపి ఎండలోకి నడిచింది. కొంచెం సేపటి తర్వాత పంతులు, "మనం తలుచుకుంటే..." అని ఆగి, వాక్యం పూర్తి చేశాడు. యాస లేకుండా.

సర్వపిండి ముక్క నా చేతిలో అలాగే ఉంది.

చిట్యాల: ఫోన్ లేని సమ్మయ్య

మర్నాడు పొద్దున్నే భూపాలపల్లి దారిలో ఉన్న చిట్యాల చేరాను. సెంటర్‌లో టీ కొట్టు దగ్గర అందరికంటే పెద్ద గొంతు సమ్మయ్యది. ఆటో నడుపుతాడు. నలభై దాటి ఉంటాయి. ఎవరైనా 'మనం తలుచుకుంటే' అని ఆగగానే, మిగతా సగం అతను అందుకుని, బల్ల మీద చెయ్యి కొట్టి పూర్తి చేస్తున్నాడు. రాత్రి అతను అత్తగారింట్లో పడుకున్నాడట. ఫోన్ నీళ్ల బకెట్లో పడితే రిపేరుకిచ్చి వస్తున్నాడు.

"ఫోన్ లేకుంటె చెయ్యి పోయినట్టున్నది సార్. రాత్రి వాడు ఏం చేసిండో, మనం ఏం చేసినమో, ఏం తెలుస్తలేదు."

నేను పత్రికలో పనిచేశానని తెలిసి నన్ను వదల్లేదు. వాళ్ల ఊరు టేకుమట్ల దాటాక, వాగు అవతల. ఆ ఊరి కుర్రాడు రవీందర్ ఇప్పుడు బార్డర్‌లో ఉన్నాడు. "రాండ్రి సార్, చూపిస్త. వాళ్లవ్వతోటి మాట్లాడుండ్రి. మా ఊరు గూడ కొట్లాడుతాంది అని రాయిండ్రి." అవ్వ అంటే అక్కడ అమ్మ. ఊరి పేరు నేనిక్కడ రాయడం లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆటోలో దారి పొడుగునా లెక్కలే. ట్యాంకులు, ఓడలు, క్షిపణులు. హ్యాండిల్ వదిలి వేళ్లు చూపిస్తున్నప్పుడల్లా నాకు ప్రాణం పోయేది. మధ్యలో అద్దంలోంచి చూసి నవ్వాడు.

"మీరు అచ్చం సీన్మల మాట్లాడినట్టే మాట్లాడుతాండ్రు సార్."

"మీరు కూడా మధ్యమధ్య టీవీలోలాగా మాట్లాడుతున్నారు."

"యుద్ధం గురించి గదా సార్. మన మాటల చెప్తే గట్టిగుండది." కాసేపు ఆలోచించి, "ముందటి సీన్మలల్ల మా మాట మాట్లాడెటోడు దొంగోడన్న అయ్యెటోడు, జోకరన్న అయ్యెటోడు," అన్నాడు.

వాగు దాటాక

వాగులో నీళ్లు లేవు. ఇసుకలోంచి ఆటో ఈడ్చుకుంటూ అవతలి గట్టెక్కాం. ఊరు కనిపించింది. సమ్మయ్య మాట మధ్యలో ఆగిపోయాడు. ఇంజన్ ఆపేశాడు.

"ఏమైంది?"

"పొగ లేదు సార్."

నాకు అర్థం కాలేదు. అతను చెప్పాడు. గ్యాస్ అందరికీ ఉన్నా పొద్దున స్నానాల నీళ్లకి ప్రతి వాకిట్లో కట్టెల పొయ్యి వెలుగుతుంది. ఈ వేళకి ఊరి మీద పొగ తెరలా ఉంటుంది. ఇవ్వాళ లేదు. ఊళ్లో ఎవరైనా పోతే, శవం లేచి ఊరు దాటేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించరు. కట్టెల పొయ్యి అయినా, గ్యాస్ అయినా.

మా వైపు చావు జరిగిన ఇంట్లో మాత్రమే పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తెస్తారు. ఒక మనిషి కోసం ఊరంతా ఆకలితో ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవలు పోయిండ్రో," అన్నాడు సమ్మయ్య. తర్వాత కళ్లు చిట్లించి చూసి, "గాడ ఒక్కటి లేస్తాంది," అన్నాడు.

నిజమే. ఊరి చివర ఒక పెంకుటింటి మీద పొగ నిటారుగా నిలబడి ఉంది. గాలి లేదు. ఆ ఒక్క పొగ కింద మిగతా ఇళ్లన్నీ కళ్లు మూసుకుని కూర్చున్నట్టున్నాయి.

"గది రవిగాని ఇల్లు." అతని మొహంలో ముందు ఊరట కనిపించింది. పొయ్యి వెలుగుతోంది కాబట్టి చావు ఆ ఇంట్లో కాదు. ఆటో మళ్లీ స్టార్ట్ చేశాడు.

పంచాయతీ మెట్ల మీద పదిమంది మగవాళ్లు కూర్చున్నారు. డప్పు చప్పుడు లేదు, ఏడుపు లేదు, టీవీ గొంతు ఒక్కటీ లేదు. పిల్లలు అరటిపండ్లు తింటున్నారు. ఒక పాప అటుకులు నానబెట్టిన గిన్నె పట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

"ఎవలు పోయిండ్రే?" అన్నాడు సమ్మయ్య.

ఐలయ్య అనే పెద్దాయన లేచి వచ్చాడు. గొంగళ్లు నేసే మనిషి. సమ్మయ్య చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయి ఎవరి ఫోనో చూపించాడు. సమ్మయ్య చూశాడు. తర్వాత తల తిప్పి ఆ పొగ వైపు చూశాడు.

ఫోన్ నాకూ ఇచ్చారు. అది ముందురోజు సాయంత్రం ఊరందరికీ వచ్చిన వీడియో ముక్క. రెండు సైన్యాల బలాబలాలు. ఎడమ పక్క మన అంకెలు, కుడి పక్క వాళ్ల అంకెలు. మధ్యలో కొన్ని క్షణాలు ఒక స్ట్రెచర్. నలుగురు పరుగున మోసుకుపోతున్నారు. పైన నల్లటి గొంగళి కప్పి ఉంది. ఒక మూల వేలాడుతోంది. వెనక కోటు కుర్రాడి గొంతు: "మనం తలుచుకుంటే... తెల్లారేసరికి మ్యాపులో ఉండదు."

నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ నా కన్ను ముందు అంకెల మీదికే పోయింది. ఊరు ఆ మూలని చూసింది.

"ఆ గొంగడి నాది," అన్నాడు ఐలయ్య. "ఎర్ర దారం అంచు, మూలకు మూడు తెల్ల ముళ్లు. గా ముళ్లు కొంరవ్వ అడిగితెనే ఏసిన. కొడుకు పోయేటప్పుడు మిలట్రీ కంబళ్ల మధ్యల కలిసిపోతదేమో, గుర్తుకు ఏయ్ అన్నది."

కొంరవ్వ అంటే రవీందర్ తల్లి. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు. రవీందర్ ఫోన్ రెండు రోజులుగా పలకడం లేదు. పోలీస్ స్టేషన్‌లో అడిగితే పైనుంచి తమకేమీ రాలేదన్నారు. కానీ గొంగళి చూశాక ఊళ్లో ఎవరికీ చెయ్యి ఆడలేదు. ఒక ఇంట్లో పొయ్యి ఆరింది. పక్కింట్లో ఆరింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"ఆమెకు చెప్పలేదా?" అన్నాను.

"ఎట్ల చెప్తం? ఫోన్ల చూసి చెప్తిమి, తీరా కాకపాయె, అప్పుడు? చెప్పనీకె నోరొస్తలేదు. పొయ్యి ముట్టియ్యనీకె చెయ్యి వస్తలేదు. మీరు పేపరోళ్లట గద, జర కనుక్కోండ్రి సారూ."

పాత ఆఫీసుకి ఫోన్ చేశాను. డెస్క్ మీద ఉన్న అమ్మాయి ఓపిగ్గా వెతికింది. ఆ దృశ్యం చాలాచోట్ల వస్తోంది, ఎవరిదో, ఎక్కడిదో ఎవరి దగ్గరా లేదు అంది. "సార్, అది ఊరికే వెనకాల వేసే బొమ్మ," అంది. అంకెల వెనకాల ఏదో ఒకటి కదలాలి కదా. ఆ మాట నాకు తెలుసు. మేమూ అలాగే అనేవాళ్లం. మెట్ల మీద వాళ్లకి మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను.

అప్పుడే ఆ చివరి ఇంటి నుంచి కేక వినిపించింది.

"సమ్మిగా! ఎవల్ని తీస్కచ్చినవ్‌రా? అన్నం తినకుంట పోనియ్యకు."

మెట్ల మీద అందరూ తల దించుకున్నారు. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో ఆమెకి తెలిసిపోతుంది. వెళ్లాం.

కొంరవ్వ ఇంట్లో

ఆ వీధిలో నడుస్తుంటే రెండు పక్కలా గడపల్లో ఆడవాళ్లు నిలబడి చూశారు. ఒక్కరూ పలకరించలేదు. కుక్కలు కూడా పొయ్యి ఉన్న ఆ ఒక్క ఇంటి ముందే చేరాయి.

కొంరవ్వకి అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజు గిన్నె. ఒక్క మనిషి ఉండే ఇంట్లో పెళ్లికి వండినంత అన్నం. పక్కన మామిడికాయ పప్పు. పొయ్యి నిండా కట్టెలు. వంట అయిపోయినా ఆమె ఇంకో కట్టె తోసింది.

విస్తరాకు వేసి వడ్డించింది. ఆ ఊళ్లో ఆ పూట వేడి అన్నం తిన్నది మేమిద్దరమే. సమ్మయ్య ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు.

"తినురా. మీ అత్తగారింట్ల ఏం పెట్టలేదా?"

"తిన్న అత్తా."

"తింటె గొంతు గట్లెందుకున్నది? ఎప్పుడు నోరు మూయవు గద."

అతను నీళ్లు తాగే మిషతో లేచి గోడ అవతలకి పోయాడు. ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"సారూ, నువ్వు పేపర్ల రాస్తవట. చెప్పు. వానికాడ ఎన్ని ఉన్నయి?"

ఈ ప్రశ్నకి మూడు రోజులుగా రకరకాల జవాబులు విన్నాను. "మన దగ్గరే ఎక్కువమ్మా," అన్నాను.

"మస్తు ఎక్కువనా?"

"చాలా ఎక్కువ."

"మరి గన్ని ఉంటె, ఫోన్ ఒక్కటి ఎందుకు కలుస్తలేదు?"

నేను పప్పు కలుపుకున్నాను. ఆమె పొయ్యి వైపు చూస్తూ, అదే గొంతుతో అంది:

"ఊర్ల పొగ లేదు. నేను గుడ్డిదాన్నా, తమ్మీ?"

నేను మంచినీళ్ల చెంబు అందుకున్నాను.

"నిన్న పొద్దుమూకంగ నీళ్లు కాగబెడ్తాన. పక్కింట్ల ఆరింది. ఎదురింట్ల ఆరింది. ఎవలు పోయిండ్రే అని అడుగుదామని బయటికొస్తె, నన్ను చూసి అందరు లోపటికి పోయిండ్రు. ఇగ తెలువదా? నాకు చెప్పకుంట పొయ్యి ఆర్పిండ్రంటె, నా ఇంటి పీనుగనే."

"అమ్మా, ఏమీ తెలియలేదు. నేను కనుక్కున్నాను, ఎవరికీ..."

"తెలువనియ్యి." ఇంకో కట్టె తోసింది. "నా పొయ్యి ఆరితె నేను గూడ ఒప్పుకున్నట్టు. గందుకే రాత్రి సంది ఆరనిస్తలేను. వాళ్లకు చెప్పకు. పాపం, నా కోసం ఉపాసముంటాండ్రు. నాకు తెలిసిందంటె ఏడుస్తరు. ఏడిస్తె అయిపోయినట్టే."

వాకిలి మూల కట్టెల మోపు చివరికొచ్చింది. దాని పక్కన ఒక విరగ్గొట్టిన మంచం కోడు ఉంది.

గొంగడి

ఎండ తగ్గేదాకా ఉండమని ఆమె మమ్మల్ని కదలనివ్వలేదు. సాయంత్రం కావస్తుండగా ఆమె రొంటిలో ఉన్న చిన్న ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమె మీట నొక్కింది. గొంతు వాకిలంతా వినపడేలా పెట్టుకోవడం ఆమెకి అలవాటు.

"అవ్వా. నేనే."

సమ్మయ్య ఒక్క అంగలో ఫోన్ దగ్గరికి వచ్చాడు. కొంరవ్వ కదల్లేదు.

"ఏం తిన్నవ్‌రా?"

"తిన్న. రొట్టె. మంచిగున్న అవ్వా. వేరేటోని ఫోన్ ఇది, ఎక్కువసేపు ఇయ్యరు. అవ్వా... నీ గొంగడి లేదు."

"పోతె పోయింది."

"పోలే. నా పక్కన పండెటోడు జ్వరంతోటి వణుకుతాంటె కప్పిన. గదే రాత్రి గుండు వచ్చి పడ్డది. ఇగ గా గొంగట్లనే తీస్కపోయిండ్రు వాన్ని."

"ఎవల కొడుకురా?"

"ఒడిశా దిక్కోడు. వానికి గూడ అవ్వ ఒక్కతే. పేరు..."

లైన్ తెగిపోయింది. ఆమె కాసేపు ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. తర్వాత గడప దాటి వీధిలోకొచ్చి, నేను ఊహించనంత గట్టిగా అరిచింది.

"రవిగాడు మాట్లాడిండు! పొయ్యిలు ముట్టియ్యుండ్రి!"

తలుపులు తెరుచుకున్నాయి. సమ్మయ్య పరుగెత్తి వెళ్లి గొంగళి సంగతి చెప్పాడు. ఐలయ్య నడివీధిలో కూర్చుని నవ్వుతూ ఏడ్చాడు. "గొంగడి నాదే గని, పిలగాడు మనోడు కాదు! మనోడు కాదే!" ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. మనోడు కాదట. మనోడు కాదంట. ముసలివాళ్లు, ఆడవాళ్లు, అటుకుల గిన్నె పాప కూడా. ఎన్నిసార్లు విన్నానో. ఒక్కొక్క వాకిట్లో పొగ లేచింది. గాలి లేకపోవడంతో ఏ ఇంటి పొగ ఆ ఇంటి మీదే నిలబడింది. ఎవరింట్లోనో టీవీ పెట్టారు. రెండో ఇంట్లో పెట్టారు. మెట్ల దగ్గర నుంచి ఒకడు, "నేను చెప్పలే? వానికాడ ఏమున్నదని!" అన్నాడు. కోటు కుర్రాడి గొంతు వీధిలోకొచ్చి, 'తలుచుకుంటే' దగ్గర ఆగింది.

నా సంచీ కోసం కొంరవ్వ ఇంటికి వెళ్లాను. వాకిట్లో చుయ్‌మని చప్పుడు. ఆమె బిందెతో పొయ్యిలో నీళ్లు పోస్తోంది. కట్టెలు నల్లగా తడిసిపోయాయి. గంజు ఖాళీగా ఉంది. అన్నమంతా పిల్లలకి పంపేసింది.

"ఇదేమిటమ్మా? అబ్బాయి బాగున్నాడు కదా!"

"బాగున్నడు." బిందె బోర్లించింది. "ఊరంత మనోడు కాదంటాంది. నా గొంగట్ల పోయిండు తమ్మీ. నా ఇంట్లనుంచి పోయినట్టే గద. వాని పేరు గూడ తెలువకపాయె. ఆడ వాళ్ల అవ్వకు ఇంక చెప్పిండ్రో లేదో. వండుకుంటాందేమో గిప్పుడు."

గడప మీద కూర్చుంది. చుట్టూ ఊరంతా వంట వాసన. ఆమె మీద ఇందాకటి బూడిద.

వాగు గట్టెక్కాక సమ్మయ్య ఆటో ఆపి వెనక్కి చూశాడు. నేనూ చూశాను. ఊరి మీద పొగ తెరలా ఉంది. చివర ఒక్క ఇంటి మీద ఆకాశం ఖాళీగా ఉంది. పొద్దున మేము చూసిన ఊరినే ఎవరో తిరగేసి పెట్టినట్టుంది.

భూపాలపల్లి

భూపాలపల్లిలో దిగేసరికి ఇంకా వెలుగుంది. బొగ్గు లారీల దుమ్ముతో రోడ్డు పక్క చెట్లు ఆకులతో సహా నల్లగా ఉన్నాయి. ఓపెన్‌కాస్ట్ గనిలో ఆ రోజు ఆలస్యంగా పేలుళ్లు పెట్టారు. ముందు సైరన్ మోగింది. నేను ఉలిక్కిపడ్డాను. ఇంకెవరూ తలెత్తలేదు. తర్వాత కాళ్ల కింద నేల వణికింది. టీ కొట్టు బల్ల మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. వాటి చుట్టూ కూర్చున్నవాళ్లు ఆ చప్పుడు ఆగేదాకా ఓపిక పట్టి, క్షిపణుల గురించి మాట ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టారు.

"అరే, సమ్మన్న! రావే. నువ్వు లేకుంటె ముచ్చట నడుస్తలేదు."

అతను వాళ్లకి చెయ్యి ఊపి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. కొట్టతను రెండు చాయ్‌లు తెచ్చాడు. సమ్మయ్య తన గ్లాసు వెనక్కి జరిపాడు.

"నాకు వద్దు. గీ పూట వద్దు."

లేచి పక్క బండి దగ్గరికి పోయి రెండు అరటిపండ్లు తెచ్చి, ఒకటి నా ముందు పెట్టాడు. నేను నా గ్లాసు కూడా జరిపాను. చాయ్ మీద మీగడ కట్టడం చూస్తూ కూర్చున్నాం.

అవతలి బల్ల నుంచి ఒక కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. సమ్మయ్య వైపు చూస్తూ, అందుకోమన్నట్టు చెయ్యి చాచి, యాస లేకుండా అన్నాడు:

"మనం తలుచుకుంటే..."

ఆగాడు. అందరూ ఇటు తిరిగారు.

సమ్మయ్య అరటిపండు తొక్క ఒలుస్తున్నాడు.